చిన్నరసం చెట్టు రీలు

మూడు నిమిషాల సినిమా కోసం మూడు రోజులు చెట్టు కింద కూర్చునే మనిషిని బసవపున్నారావు తన అరవై ఏళ్ళలో చూడలేదు. బెజవాడ నుంచి దిగిన మేనకోడలు మనోజ్ఞ, గుప్పెట్లో ఇమిడే పాత రీలు కెమెరాతో తోటలోని ముసలి చిన్నరసం మామిడి చెట్టునే తీసింది.

"కథేంటమ్మాయ్?"

"చెట్టే మావయ్యా."

"మరి హీరో ఎప్పుడొస్తాడు?"

"వచ్చి చాలాసేపైంది. మీరే గుర్తుపట్టలేదు."

నాలుగో రోజు ఆ చెట్టు కొట్టించేశాడు. కాపు తగ్గిపోయింది, అక్కడ బంగినపల్లి అంట్లు పెట్టాలి.

ఆ సాయంత్రం షెడ్డులో మనోజ్ఞ బొమ్మలు తేలడానికి కాఫీ పొడి, బట్టల సోడా కలిపిన నీళ్ళలో రీలు కడిగింది. చిటికెన వేలి గోరంత వెడల్పున్న ఆ రిబ్బన్ని, కోసిన కాయలు సొన కారడానికి బోర్లించే చోట తాడుకి ఆరేసి స్నానానికెళ్ళింది.

బసవపున్నారావు అటు వచ్చాడు. రిబ్బను మీద బొట్లు. ఆయన లెక్కలో బొట్టంటే సొనే, తుడవకపోతే నల్లగా కాలి మచ్చ పడుతుంది. చెయ్యి దానంతటదే లేచింది. సున్నపు నీళ్ళ గుడ్డతో పైనుంచి కిందికి తుడిచేశాడు. గుడ్డకి నల్లటి పొర అంటుకుంది.

అప్పుడర్థమైంది, తుడిచింది సొన కాదు, బొమ్మ. మళ్ళీ తీద్దామంటే చెట్టేదీ?

మనోజ్ఞ రాగానే గుడ్డ చూపించాడు. "సొననుకున్నానమ్మా."

ఆమె రిబ్బన్ని వెలుగుకెత్తి చూసింది. మొహం మాడ్చుకుని, "ఆరనివ్వండి," అంది. అన్నానికి పిలిచినా రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం కిటికీలకి గోనెపట్టాలు కట్టి, సున్నం గోడ మీద బొమ్మ వేసింది. ప్రొజెక్టరు మిషను టకటకమంది. నెగెటివ్ రీలు కదా, ఆకాశం నల్లగా, చెట్టు తెల్లగా, వెన్నెల్ని పిండి పోసినట్టుంది. దాని మీద ఆయన గుడ్డ గీతలు వానలా కురుస్తున్నాయి. ఆ వానలో ఆకులు ఊపిరి పీలుస్తున్నాయి. రోజూ ఆ నీడలోనే చద్దన్నం తిన్నాడు, ఒక్కసారీ తలెత్తి ఇంతసేపు చూడలేదు. చివర్న ఆయన బొటనవేలి ముద్ర చేటంతై కొమ్మల మీదుగా జారిపోయింది.

"మీ పేరు వెయ్యక్కర్లేదు, సంతకం పెట్టేశారుగా," అంది మనోజ్ఞ. కోపం ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇంకోసారి వెయ్యి."

మూడుసార్లు వేయించుకున్నాడు. గొంతు సవరించుకుని, "గట్టు మీది పెద్దరసం కూడా ఈ వారంలోనే కొట్టించేద్దామనుకున్నా. ఇంకో రీలుందా?" అన్నాడు.

"లేదు. తెప్పించాలంటే నెల పడుతుంది."

"రానియ్. అందాకా గొడ్డలి ఆగుద్దిలే."

"గొడ్డలి సరే మావయ్యా. ఈసారి ఆ గుడ్డ మటుకు అత్తయ్యకిచ్చి రండి."