మారెక్క మోకాలు

అబద్ధం ఆడితే అతికినట్టు ఉండాలంటారు. నేనాడింది మోకాలికి అతుక్కుని మూడేళ్లు వదల్లేదు.

నాకు వచ్చింది గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సరు. బెంగళూరులో కరెంటు పెట్టి, అదే రేడియేషన్ ఇచ్చి, నయం చేశారు. ఆ తర్వాత మొదట మూడు నెలలకు, పోనుపోను ఆరు నెలలకు పరీక్షకు రమ్మన్నారు. ముదిగుబ్బ పక్కన మా ఊళ్లో ఈ మాట పొక్కితే ఏమవుతుందో నాకు తెలుసు. తొలి వాన పడగానే మొదటి పిడికెడు వేరుశనగ విత్తనం గొర్రులో పోసేది నేనే. మారెక్క చెయ్యి మంచిదని ఇంటికొచ్చి పిలుచుకుపోతారు. గర్భసంచి చెడినదాన్ని ఎవరు పిలుస్తారు? ఆ పిలుపు లేకపోతే ఇక ఊళ్లో నేనెందుకనిపించింది. అందుకే మోకాలి నొప్పి అని చెప్పాను.

ఇక చూడండి నా అవస్థ. పక్కింటి రామక్క ఆముదం తెచ్చి కాళ్లు పిసికి పెట్టింది. నల్లేరు పచ్చడి నూరిచ్చింది, తింటే గొంతంతా దురద. పోనీ, కుంటడానికి సిద్ధమే, కానీ ఏ కాలితో కుంటాలో మరిచిపోయేదాన్ని.

“ఏమ్మే మారీ, పోయిన వారం ఎడమకాలు కదా?” అని ఓబమ్మ నడివీధిలో అడిగింది. ఊళ్లో పెద్ద సేద్యం ఆమెదే. విత్తనానికి నన్ను ముందుగా పిలిచేదీ ఆమే.

“ఒకటి తగ్గితే ఇంకోటి పట్టుకుంటాండాదక్కా” అన్నాను.

2003 ఎండాకాలంలో పరీక్షకు బయలుదేరితే బెంగళూరు బస్సులో నా పక్కన ఓబమ్మా, రామక్కా వచ్చి కూర్చున్నారు.

“మాకూ మోకాళ్లు నొస్తాండాయి. నీ డాక్టరుకే చూపించుకుంటాం” అంది రామక్క.

డాక్టరు కోపిష్టి అన్నాను. సూది లావుగా ఉంటుందన్నాను. రామక్క అన్నిటికీ ఊకొడుతూ నేను తెచ్చుకున్న బొరుగులన్నీ తినేసింది.

ఆస్పత్రి వరండాలో వరుసంతా ఆడవాళ్లే. రామక్క చీర మోకాళ్ల పైదాకా ఎత్తుకుని సిద్ధంగా కూర్చుంది. అటుగా పోతున్న నర్సు ఆగి, “చీర దించుకోమ్మా. ఇక్కడ చూసేది గర్భసంచి క్యాన్సరు. మోకాళ్లకు మేడ మీదికి పోవాలి” అంది.

“అయితే నీ మోకాలు?” అని రామక్క నన్ను అడిగింది.

“నువ్వు మీదికి పో, నీది చూపించుకో” అని ఓబమ్మ ఆమెను పంపించేసింది.

నాకు ఏడుపు ఆగలేదు. “ఇంక నాతో విత్తనం వేయించవు కదక్కా” అన్నాను.

“నాకు మూడేండ్లుగా తెలుసులే. మీ దొడ్లో నెలనెలా గుడ్డలు ఆరేసేది మానేస్తివి. మోకాలి నొప్పికి ముట్టు నిలుస్తాదా? తెలిసే పిలిస్తి. పోయినేడు వాన రాక పంట ఎండె, దానికి నీ చెయ్యేం చేస్తాది?”

నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. మూడేళ్లు ఉత్తపుణ్యానికి కుంటుతూ తిరిగానన్నమాట.

“తెలిసీ ఈడికెందుకు వస్తివి?” అన్నాను.

ఓబమ్మ కొంగు వేలికి చుట్టుకుంది. “నాకు ముట్టు నిలిచి నాలుగేండ్లాయ. రెండు నెలలుగా మళ్లా కనపడతాండాది. ఇంట్లో మోకాళ్లని చెప్పొచ్చినా” అంది.

నర్సు నా పేరు పిలిచింది. ఓబమ్మ చెయ్యి పట్టుకుని లేచి, ముందు ఈమెను చూడమన్నాను. ఇద్దరం తలుపు వైపు నడిచాం. నాలుగడుగులు వేశాక చూస్తే ఆమె కుంటుతోంది.

“ఈడ కుంటాల్సిన పనిలేదక్కా” అన్నాను.