ఎవరిదీ కాని మోకాలు

ఈ ఎడారి దేశంలో, మా సెక్యూరిటీ కంపెనీలో ఎవరికైనా దెబ్బ తగిలితే ముందు డాక్టరు చూస్తాడనుకుంటారేమో! అదేం కుదరదు. ముందు అమర్నాథ్ గారు చూడాలి. ఏ దెబ్బ డ్యూటీ వల్ల తగిలిందో, ఏది కాదో తేల్చేది ఆయనే. అల్ రయ్యాన్ ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, కాఫీ చప్పరిస్తూ, ఎదుటి మనిషి ముఖమైనా చూడకుండా తేల్చేస్తాడు ఆ మహానుభావుడు.

నా రూమ్మేట్ రాజనర్సు, మా అందరికీ నర్సన్న, అల్ హిలాల్‌లో ఒక బిల్డింగ్‌కు గార్డు. డ్యూటీలో ఉండగా మెట్ల మీద నుంచి పడి మోకాలు చితకగొట్టుకున్నాడు. కంపెనీ ఒప్పుకుంటే ఆపరేషన్. ఒప్పుకోకపోతే కుంటుకుంటూ ఇంటికే. తోడుగా నేనూ వెళ్లాను.

అమర్నాథ్ స్కాన్ అటూ ఇటూ తిప్పాడు. "ఇది పాత దెబ్బయ్యా. నువ్వు మిలిటరీలో ఉన్నప్పటిది. మాకేం సంబంధం?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మోకాలికి ఇది రెండో తీర్పు మరి! నర్సన్న సిపాయిగా ఉన్నప్పుడు గస్తీకి పోయి లోయలో పడ్డాడు. పెన్షన్ అడిగితే అక్కడి మెడికల్ బోర్డు పెద్దలు, "సెలవులో ఊళ్లో తగిలించుకుని వచ్చావు, సర్వీసుకు సంబంధం లేదు" అని తోసిపుచ్చారు. ఎగ్గొట్టడానికి వీళ్లంతా ఎక్కడ చదువుకున్నారో గానీ!

"గదే ముచ్చట రాసిస్తరా సార్?" అన్నాడు నర్సన్న మెల్లగా.

పీడ వదిలిందని అమర్నాథ్ మురిసిపోయాడు. టకటకా టైపు చేయించి, కంపెనీ డాక్టరు సంతకం పెట్టించి, ముద్ర వేసి, తెలుగులో చదివి చెప్పాడు కూడా. "ఈ గాయం సైన్యంలో విధి నిర్వహణలో తగిలినదే."

"మల్లొక్కసారి సదువుండ్రి సార్."

అర్థం కాలేదనుకుని ఆ మేధావి గొంతు పెంచి మళ్లీ చదివాడు. నర్సన్న కాగితం అందుకుని, ఆ కాలి మీదే నిటారుగా నిలబడి సెల్యూట్ కొట్టాడు.

బయటికొచ్చాక గయ్యిమన్నాను. "సిగ్గున్నదా అన్నా? నీ నోట్ల మన్ను కొట్టినోనికి సెల్యూట్ కొడ్తవా?"

"వానికి గాదు తమ్మీ." నర్సన్న కళ్లు తుడుచుకున్నాడు. "బోర్డోళ్లు నన్ను అబద్ధాలకోరన్నరు. ఇన్నేండ్లకు ఒక్కడు నిజం రాసిండు. ఎగ్గొట్టెతందుకే రాసిండు గని, రాసిండు గదా! పెన్షన్ అప్పీలుకు పంపుదాం."

నర్సన్న టాక్సీ ఎక్కేటప్పుడు ఆ కాలు రెండు చేతులతో పట్టుకుని లోపల పెట్టాను.