పన్నెండో తేదీ కాగితం

క్యాలెండర్లు కుట్టే కుట్టక్క చేతిలోని కాగితం మళ్ళీ చదివింది. రోజుకొకటి చింపే గోడ క్యాలెండర్లు అచ్చువేసే ప్రెస్సు అది. ప్రతి కాగితం అడుగునా ‘చరిత్రలో ఈ రోజు’ అని రెండు వరుసలుంటాయి. వచ్చే ఏడాది మార్చి పన్నెండు కింద ఏముందనుకున్నారు? ఎవడో రాజుకి పట్టాభిషేకం, ఎవరిదో ఓడ కొత్త తీరం చేరడం! ఈ ఏడాది మార్చి పన్నెండున ఇదే ప్రెస్సు గోదాములో తొమ్మిదిమంది ఆడవాళ్ళు నిలువునా కాలిపోయారు. కాగితం దొంగిలిస్తారని ఓనరు బయట తాళం వేయించాడు మరి. కాలినవాళ్ళలో కుట్టక్క చెల్లెలొకతె. ప్రమాదమని కేసు మూసేశారు.

"మనవాళ్ళేరీ తాతా?" అని అక్షరాలు పేర్చే ముసలాయన్ని నిలదీసింది.

"ఓనరు రాసిచ్చిందే పేరుస్తానమ్మా. చరిత్ర నా చేతుల్లో ఉందా?"

"అక్షరాలున్నాయిగా!"

భోజనాల వేళ అందరూ మిషన్ల మధ్య కూర్చున్నారు. ఆ రెండు వరుసలూ మార్చి మనవాళ్ళ సంగతే వేద్దామంది కుట్టక్క. చచ్చిన చెల్లెలి మొగుడే, మిషను నడిపే మరిదే, అడ్డం తిరిగాడు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల వదినా? ఉన్న పిల్లకి ఇంత ముద్ద పెట్టుకోనీ."

"రేపది అమ్మేదని అడిగితే ఈ రాజుగారి కథ చెప్తావా?"

అతను మొహం కప్పుకుని ఏడ్చాడు. తర్వాత తనే మిషను నడిపాడు. ఓనరు సంతకం చేసిన ప్రూఫు పక్కన పెట్టి తాత వరుసలు మార్చాడు: ‘ఈ క్యాలెండరు వేసిన ప్రెస్సులో, తాళం వేసిన గోదాములో, తొమ్మిదిమంది కాలిపోయిన రోజు.’

అంతా బాగానే చేసి, అలవాటు కొద్దీ కొంప ముంచుకున్నారు. మొదట కుట్టిన క్యాలెండరుని ఓనరు గది గోడకి తగిలించడం అక్కడి రివాజు. కుట్టేవాళ్ళలో ఒకామె ఏ ఆలోచనా లేకుండా పోయి తగిలించి వచ్చింది.

ఉన్నమాటంటే ఉలుకెక్కువ. కాగితాలు తిరగేసి చూసిన ఓనరు ఊగిపోతూ వచ్చాడు.

"ఇరవై వేల క్యాలెండర్లలో ఆ కాగితం చింపండి. మీ చేతుల్తోనే!"

ఒక్క చెయ్యీ కదల్లేదు.

"మావాళ్ళని రెండోసారి చంపం సార్," అంది కుట్టక్క.

పోలీసులొచ్చారు. కుట్టేవాళ్ళేడుగురినీ, తాతనీ ఈడ్చుకుపోయారు. పనిలేక తిరుగుతున్నవాళ్ళని పట్టుకొచ్చి ఆ కాగితాలన్నీ చింపించి తగలబెట్టారు. లాకప్పు దెబ్బలకి తాత మూడోరోజే పోయాడు. మరిదికి పని పోయింది, అతనూ పిల్లా ఎక్కడున్నారో తెలీదు. బెయిలు రాలేదు. అనవసరంగా అందరి నోట్లో మట్టి కొట్టానని కుట్టక్క కుమిలిపోయింది.

నెలలు గడిచాయి. ఒక పొద్దున జైలు కాపలామనిషి గోడమీది ఆ ప్రెస్సు క్యాలెండర్లోనే మార్చి పదకొండో తేదీ చింపి, కళ్ళు నులుముకుంది.

"ఇదేంటే, పదమూడొచ్చింది? పన్నెండేదీ?"

కుట్టక్క ఊచల దగ్గరికొచ్చింది.

"చింపేశారమ్మా. ఈ పాటికి ఇరవై వేల ఇళ్ళలో ఇదే అడుగుతుంటారు."

"ఎందుకు చింపారు?"

మిగతా ఆరుగురూ లేచి ఆమె పక్కకొచ్చి నిలబడ్డారు.

"కూర్చో, చెప్తాం," అంది కుట్టక్క. "ఆ రోజు తలుపుకి బయట తాళం వేసుంది..."