తప్పుకున్నా బావా

మా బేకరీలో ఒక పద్ధతి ఉంది. ఓవెన్‌లోంచి ట్రే లాగేవాళ్లు ముందు "వేడి!" అని అరవాలి. దారిలో ఉన్నవాళ్లు "తప్పుకున్నా!" అని తిరిగి అరవాలి. ఆ జవాబు వినపడేదాకా ట్రే కదలకూడదు. ఇది మా బావ పెట్టిన రూలు. ఒకసారి నేను ఫోన్లో కబుర్లలో పడి జవాబివ్వకపోతే, ఆయన పొగలు కక్కుతున్న ట్రే పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "రేడియో, నీ వార్తలు అయ్యాక చెప్పు, అప్పుడు కదులుతాను" అన్నాడు. నాకు రేడియో అని పేరు పెట్టింది ఆయనే. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్క కూడా వంత పాడుతుంది.

అలాంటి మనిషి రెండేళ్ల కిందట ఓవెన్ దగ్గరికి రావడం మానేశాడు. ఏం జరిగింది అంటే ఏమీ జరగలేదు. నాకు ఒళ్లు మండేది అందుకే. ఎవరితోనైనా తగాదా పడి ఉంటే వెళ్లి నాలుగు దులిపి వచ్చేదాన్ని. ఈయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. తిండి పెడితే తినేవాడు, పెట్టకపోతే ఊరుకునేవాడు. డాక్టరు డిప్రెషన్ అన్నాడు, మందు మార్చి మందు ఇచ్చాడు. ఏదీ పట్టలేదు. నన్ను రేడియో అనడం కూడా మానేసి పేరు పెట్టి పిలవడం మొదలెట్టాడు. నాకు అసలు భయం వేసింది అప్పుడే.

చివరికి ఆ డాక్టరే కెటమిన్ చికిత్స గురించి చెప్పాడు. అక్క ఫోన్లో చదివి బెంబేలెత్తిపోయింది.

"అది గుర్రాలకిచ్చే మత్తుమందటే."

"గుర్రాలకి నీళ్లు కూడా ఇస్తారక్కా. అలాగని మనం తాగడం మానేశామా?"

ఆపరేషన్లకి మనుషులకీ ఎప్పటినుంచో వాడుతున్న మందేననీ, ఇక్కడ కొద్దిగా ఇచ్చి పక్కనే ఉండి చూసుకుంటామనీ డాక్టరు చెప్పాడు. మందు ఒక్కటే కాదు, ముందూ తర్వాతా కూర్చోబెట్టి మాట్లాడే ఆవిడ వేరే ఉంటుంది. కొందరికి పని చేస్తుంది, కొందరికి చెయ్యదు, మంత్రం మాత్రం కాదు అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. ఇదీ పట్టకపోతే ఏం చెయ్యాలో మాత్రం అక్కకీ తెలియదు, నాకూ తెలియదు.

తోడు ఒకరు రావాలన్నారు. అక్క ఆయన మొహం చూస్తే చాలు కళ్లనీళ్లు పెట్టుకుంటుంది కాబట్టి నేనే వెళ్లాను. అక్కడి నర్సు నన్ను ఎగాదిగా చూసి షరతులు చెప్పింది. వరండాలో చప్పుడు చెయ్యకూడదు. ఇవాళ ఆయన బండి నడపకూడదు. ఇంటికి వెళ్లాక ప్రశ్నలతో విసిగించకూడదు.

"మాట్లాడకుండా కూర్చోగలరా?" అంది.

మామూలుగా అయితే ఇలాంటి అవకాశం బావ వదిలేవాడు కాదు. ఆయన తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు.

మొదటిసారి పెద్దగా ఏమీ తేలలేదు. దారి పొడుగునా నేను ఊరుకున్నానా అంటే, లేదు. ఏం కనిపించింది బావా, ఏమైనా తేలిగ్గా ఉందా బావా, అని చెవిలో జోరీగలా పోరాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

రెండోసారి ఆయన్ని వాలుకుర్చీలో పడుకోబెట్టి, చేతికి బీపీ పట్టీ, కళ్లకి గంతలు, చెవులకి సంగీతం పెట్టి తలుపు వేశారు. నేను బయట బల్ల మీద కుక్కిన పేనులా కూర్చున్నాను. చాలాసేపటికి లోపల సంగీతం ఆపేసినట్టున్నారు, మాటల డాక్టరమ్మ గొంతు మెల్లగా వినపడింది. మత్తు దిగుతోంది కాబోలు, ఇక ఫరవాలేదనుకుని ఎదురుగా ఉన్న చిన్న వంటగదిలోకి వెళ్లి, చల్లారిన కాఫీ మైక్రోవేవ్‌లో పెట్టాను.

అది మూడుసార్లు కూసింది. మా ఓవెన్ గంటకి అచ్చం తోబుట్టువు.

"వేడి!"

మూసిన తలుపు వెనకనుంచి బావ గొంతు. రెండేళ్లుగా వినని గొంతు.

నర్సు షరతులు నాకు గుర్తున్నాయి. కానీ మా ఇంట్లో ఆ పిలుపుకి జవాబివ్వకపోతే ఎవరికో ఒళ్లు కాలుతుంది. అంతే, ఉన్నచోటే నిలబడి "తప్పుకున్నా బావా!" అని గోడలు అదిరేట్టు అరిచాను. నర్సు ఎక్కణ్నుంచి ఊడిపడిందో గాని, నోటి మీద వేలు పెట్టుకుని వచ్చేసింది. కుండెడు పాలలో ఉప్పుకల్లు వేసేశాననుకున్నాను.

కాసేపటికి నన్ను లోపలికి రమ్మన్నారు. తిట్లు తినడానికి సిద్ధపడే వెళ్లాను. బావ దుప్పటి కప్పుకుని కూర్చుని నీళ్లు తాగుతున్నాడు.

"అరిచింది ఈవిడేనా?" అంది డాక్టరమ్మ.

"ఇంకెవరు? మా రేడియో" అన్నాడు బావ.

నేను గోడ పట్టుకున్నాను.

ఆయన మెల్లగా, మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. "నేను పిండి ముద్దనట. ఎవరో తడిగుడ్డ కప్పి వదిలేశారు. ఎవరూ వచ్చి వేలు పెట్టి చూడ్డం లేదు. ఎంత హాయిగా ఉందో. ఆ తర్వాత చేతుల్లో ట్రే ఉంది. రెండేళ్లుగా పట్టుకునే నిలబడ్డాననిపించింది. ఎవరైనా తప్పుకున్నామంటే దించేద్దామని. ఇది అరిచింది. దించేశాను."

నేను ఏడ్చాను, దాచుకోలేదు కూడా.

ఆ రోజుతో జబ్బు పారిపోయిందని కోతలు కొయ్యను. ఇంకొన్నిసార్లు వెళ్లాం. మధ్యలో మళ్లీ గోడవైపు తిరిగిన రోజులూ ఉన్నాయి. నేను మాత్రం గంటగంటకీ వేలు పెట్టి చూడడం మానేశాను. పొంగే పిండిని మాటిమాటికీ పొడిస్తే అణిగిపోతుందని బేకరీలో పుట్టిన పిల్లికి కూడా తెలుసు. నాకే ఇన్నాళ్లూ తెలియలేదు.

ఒక మధ్యాహ్నం కౌంటర్లో అక్క బన్నులు అమ్ముతోంది. నేను ఓవెన్ గదిలో బల్ల తుడుస్తున్నాను. బావ వెనకగుమ్మంలోంచి వచ్చి, ఏమీ ఎరగనట్టు, ఓవెన్ చూసుకుంటున్న పనివాడి చేతిలోంచి గ్లవ్స్ తీసుకున్నాడు. గంట మోగింది. తలుపు తీశాడు.

"వేడి!"

దారిలో ఉన్నది నేనే. నోరు తెరిచాను. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ నన్ను మోసం చెయ్యని నోరు, ఆ పూట గాలి తప్ప ఏమీ బయటికి రానివ్వలేదు. కళ్లు మాత్రం కారుతున్నాయి.

బావ ట్రే పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. రూలు రూలే.

"ఏమే రేడియో, కరెంటు పోయిందా? చేతులు కాలుతున్నాయి."

అప్పుడు కౌంటర్ వైపునుంచి, ఇన్నేళ్లలో ఓవెన్ గదిలోకి తొంగి కూడా చూడని మా అక్క, చేతిలో సగం కట్టిన పొట్లంతో అరుస్తూ లోపలికి వచ్చేసింది.

"తప్పుకుందిలెండి! నేను లాగేశాను!"

నిజంగానే నా కొంగు పట్టుకుని పక్కకి లాగింది. బావ నవ్వుతూ ట్రే దించాడు.