మందు పడని వాళ్ళు

ఆఫీసులో అందరూ వెనకాల ఆయనను ముళ్ళకంప అనేవాళ్ళు. ఆయనకు తెలుసు. పట్టించుకోలేదు.

వైద్య పరిశోధనలను నమ్మవచ్చా లేదా అని తేల్చడం ఆయన పని. ఒకే పరిశోధనను ఇద్దరు విడివిడిగా చదివి, ఎవరి తీర్పు వాళ్ళు రాసుకుని, తర్వాత ఎదురెదురుగా కూర్చుని ఒక మాట మీదికి రావాలి. ఈసారి వచ్చింది కాలేయం జబ్బుకు వేసే కొత్త ఇంజెక్షన్ మీద పరిశోధన. చీటీలు తీసి రోగులను రెండు జట్లుగా పంచిన ప్రయోగం కాదది. ఒక ఆస్పత్రిలో మందు పడ్డవాళ్ళను, పడనివాళ్ళను పక్కపక్కన పెట్టి చూశారు. పడ్డవాళ్ళే ఎక్కువమంది బతికారట.

నమ్మవచ్చని తేలితే ప్రభుత్వం ఆ మందు ఉచితంగా ఇస్తుంది. ఆయన బావమరిదికీ అదే జబ్బు. పొద్దున్నే వచ్చి, పచ్చబడ్డ కళ్ళతో ఆఫీసు వరండాలో బెంచీ మీద కూర్చున్నాడు.

ఆయన కిటికీ తెరిచాడు. మూశాడు. మళ్ళీ తెరిచాడు.

"కాలుగాలిన పిల్లిలా ఏంటి సార్ ఆ తిరుగుడు?" అంది ఎదురుగా ఉన్న డాక్టరమ్మ. "నేను 'లోపం ఓ మోస్తరు' అని రాశాను. మీరు?"

"తీవ్రం. నమ్మడానికి లేదు."

"దేవుడు దిగొచ్చి పరిశోధన చేసినా మీకు తీవ్రమే! వయసు తేడాలు సరిచేశారు, జబ్బు ఎంత ముదిరిందో చూసుకున్నారు. ఇంకేం కావాలి?"

"చేరిన వారానికి గానీ సూది పడదు. ముందు పరీక్షలవ్వాలి. ఆ వారంలోనే పోయినవాళ్ళను ఎటు వేశారు?"

ఆమె కాగితాలు తిప్పింది. వేలు ఒకచోట ఆగింది. "పడనివాళ్ళలో."

"సూది పడాలంటే వారం బతికుండాలి. అప్పటిదాకా బతికినవాళ్ళను చూపించి మందే బతికించిందంటున్నారు. ఆ వారం చావులన్నీ అవతలికి తోశారు."

"నాకెలా తట్టలేదు?"

"తొందరపడ్డావు."

ఆమె ముఖం ఎర్రబడింది. తన తీర్పు కొట్టేసి 'తీవ్రం' అని రాసింది. అప్పుడు లేచాడాయన.

"ఇక నా తీర్పు తీసెయ్, నీది చాలు. బయట కూర్చున్నవాడు నా బావమరిది. వాడికి ఈ మందు కావాలి. నా భార్య ఆ ఆస్పత్రిలోనే పోయింది."

"అయ్యో సార్! ఇవి ముందే చెప్పి తప్పుకోవాలి కదా?"

"తప్పుకుంటే నా కుర్చీలో ఇంకొకరు కూర్చునేవాళ్ళు. ఇద్దరూ కలిసి ఓ మోస్తరు అనుకుని ఇంటికెళ్ళేవాళ్ళు."

"పైవాళ్ళకు చెప్పక తప్పదు నాకు."

"చెప్పు."

వరండాలో బావమరిది గోడ పట్టుకుని లేచాడు. "సంతకం పెట్టావా బావా?"

"లేదు. ఆ మందు పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలీదు."

"తెలీకపోతే చావమంటావా? అక్కుంటే నీ మెడలు వంచి పెట్టించేది."

"మీ అక్క ఆ లెక్కల్లోనే ఉందిరా. సూది వేస్తామని పరీక్షలు చేస్తుండగానే పోయింది. మందు పడక పోయినవాళ్ళలో కలిపేశారు. మందు గొప్పదనడానికి మీ అక్క చావునూ వాడుకున్నారు."

బావమరిది గోడ వదిలేశాడు. మెల్లగా మళ్ళీ బెంచీ మీద కూలబడ్డాడు.

"అయినా నాకు కావాలి బావా," అన్నాడు చివరికి.

ఆయన పక్కన కూర్చోబోయాడు. కూర్చోలేకపోయాడు.