బోర్డు మీద డిసెంబరు పదిహేడు

గోదావరిఖనిలో ప్రపంచ చరిత్ర ఎక్కడ దొరుకుతుందని ఎవరైనా అడిగితే, సారవ్వ చాయ్ హోటల్ గోడ మీద అని చెప్పాలి. అక్కడ ఒక నల్లబోర్డు ఉంది. పైన తెల్లరంగుతో 'చరిత్రలో ఈ రోజు' అని ఎప్పటికీ చెరగకుండా రాసి ఉంటుంది. దాని కింద రోజూ పొద్దున ఆరు గంటలకు నర్సింగం సుద్దముక్కతో నాలుగైదు సంగతులు రాస్తాడు. ఫస్టు షిఫ్టు వాళ్లు చాయ్ తాగుతూ అవి చదువుకుని బాయికి పోతారు. గనిని అక్కడ బాయి అనే అంటారు.

నర్సింగం బాయిమీద మస్టర్ క్లర్కుగా ముప్పై రెండేళ్లు పనిచేసి దిగిపోయాడు. డ్యూటీకి ఎవరు వచ్చారు, ఎవరు నాగా పెట్టారు అని పుస్తకంలో ఎక్కించే పని. రిటైరైనా చెయ్యి ఊరుకోక, ఇప్పుడు రాజులకూ రాణులకూ హాజరు వేస్తున్నాడని ఈడువాళ్లు ఎగతాళి చేసేవారు. ఆయన పట్టించుకునేవాడు కాదు. పాత డైరీలు తిరగేసి, ఫోనులో వెతికి, రెండుసార్లు సరిచూసుకున్నాకే సుద్దముక్క పట్టేవాడు. ఒకసారి ఎవరో పుట్టిన తేదీని ఒకరోజు అటూ ఇటూ రాశాడని తెలిసి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంత చిన్నదానికి ఇంత బాధెందుకో ఎవరికీ అర్థం కాలేదు.

సారవ్వకు చదువు రాదు. పొద్దుటి గిరాకీ తగ్గాక, గ్లాసులు కడుగుతూ, "ఇయ్యాల ఏమైందటనే అన్నా?" అని అడిగేది. నర్సింగం బెంచీ మీద కూర్చుని మొత్తం చదివి వినిపించేవాడు. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన సంగతి చదివిన రోజు, "అక్కడ గూడ బొగ్గున్నదా ఏంది, గంత దూరం పోయిన్రు?" అంది. పదేళ్లుగా ఇదే వరస. భార్య పోయాక నర్సింగానికి రోజులో మనిషితో మాట్లాడినట్టుండేది ఆ అరగంటే.

సారవ్వ భర్త సదయ్య కోల్ ఫిల్లరు. బాయి లోపల బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపేవాడు. రెండువేల ఐదు డిసెంబరు పదిహేడున పైకప్పు బండ మీద పడి చనిపోయాడు. ఆయన ఉద్యోగం కొడుకు కిషన్‌కు వచ్చింది. కిషన్ మందమర్రిలో చేస్తాడు, అక్కడే కాపురం.

ఏటా పదిహేడో తారీకు వస్తుంది, నర్సింగం ఏటా బోర్డు రాస్తాడు. పందొమ్మిది వందల మూడులో ఇద్దరు అన్నదమ్ములు మొదటిసారి విమానం ఎగరేశారు. పందొమ్మిది వందల ఇరవై ఏడులో రాజేంద్ర లాహిరిని తెల్లవాళ్లు ఉరితీశారు. పెన్షనర్ల దినం కూడా అదే. రెండువేల పదిలో ట్యునీషియా దేశంలో తోపుడు బండి మీద పండ్లమ్ముకునే ఒకతను, బండి లాక్కుని అవమానించారని ఒంటికి నిప్పు పెట్టుకున్నాడు. ఇవన్నీ రాసేవాడు. సదయ్య పేరు మాత్రం రాసేవాడు కాదు. సారవ్వ కూడా ఎన్నడూ అడగలేదు.

ఈ ఏడు అడిగింది. డిసెంబరు పదో తారీకున, చాయ్ గ్లాసు ఆయన చేతికిచ్చి పక్కన నిలబడింది.

"అన్నా, పోయినేడు పండ్లబండోని సంగతి సదివినవ్ గదా. ఏ తారీకది?"

"పదిహేడు."

"వాని పేరు రాస్తివి. మా ఇంటాయన పేరు ఎందుకు రాయవ్? ఇద్దరిది ఒక్కటే తారీకాయె."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నర్సింగం కండువా సర్దుకున్నాడు. "వానితోని రాజ్యాలు కూలినయ్ చెల్లె. అందుకని చరిత్రల కెక్కిండు."

"మా ఇల్లు గూడ కూలింది గదనే." సారవ్వ గొంతులో కోపం లేదు. "ఇరవై ఏండ్లైతున్నది. ఒక్కదినం రాయి. తెల్లారి తుడిపేద్దువు."

చూద్దాం అని నర్సింగం లేచి వచ్చేశాడు. చాయ్ సగం కూడా తాగలేదు.

ఆయన ఎందుకు రాయలేకపోతున్నాడో చెప్పాలంటే మస్టర్ల, అంటే హాజర్ల సంగతి చెప్పాలి. బాయి లోపల పనిచేసేవాళ్లకు ఏడాదిలో నూట తొంభై హాజర్లు నిండితేనే మరుసటి ఏడు జీతంతో సెలవు. అందుకే డిసెంబరు వచ్చిందంటే అందరూ మస్టర్ క్లర్కు కిటికీ దగ్గరే. అన్నా, నాయి ఎన్నైనయ్, అన్నా, నాకింకెన్ని గావాలె అని. ఆ ఏడు డిసెంబరు పదిహేనున సదయ్య కూడా వచ్చాడు. ఫిబ్రవరిలో మేడారం జాతర. చిన్నప్పుడు జ్వరంతో కిషన్ చావు తప్పించుకున్నందుకు, కొడుకు ఎత్తు బెల్లం సమ్మక్కకు ఇస్తానని సారవ్వ మొక్కుకుంది. సెలవు కావాలి. నర్సింగం పుస్తకం చూసి వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పాడు: "నూట డెబ్బై ఆరే ఉన్నయ్ సదయ్యా. ఆదివారాలు తీసేస్తే ఇంక పద్నాలుగు దినాలే ఉన్నయ్. ఒక్కటి గూడ మానకు."

ఆదివారం చేసే పనిని బాయిమీద ప్లే డే అంటారు. ఆ హాజరు వేరే పుస్తకంలో పడినా, నూట తొంభైలో కలుస్తుంది. సదయ్య ఆ ఏడు పందొమ్మిది ప్లే డేలు చేశాడు. కిటికీ ముందు యాభై మంది తోసుకుంటుంటే నర్సింగం ఆ రెండో పుస్తకం తెరవలేదు. అంతే జరిగింది. సదయ్య హాజర్లు ఎప్పుడో నిండిపోయాయి. ఆ డిసెంబరంతా ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకున్నా అడిగేవాడు లేడు.

జనవరి ఒకటిన ఏడాది లెక్క ముగిస్తూ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నర్సింగానికి ఇది కనబడింది. అప్పటికి సదయ్య పోయి రెండు వారాలు. ఉద్యోగం పోతుందని కొన్నాళ్లు భయపడ్డాడు. కిషన్ ఉద్యోగం ఖాయమయ్యేదాకా ఎందుకని ఇంకొన్నాళ్లు ఆగాడు. చెబితే మాత్రం పోయినవాడు తిరిగొస్తాడా అని తర్వాత తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. మనిషి తన తప్పు దాచుకోవాలనుకుంటే సాకులకు కరువుండదు. రిటైరయ్యాక వేరే చోటే లేనట్టు ఆమె హోటల్ గోడకే బోర్డు తగిలించాడు. రోజూ ఆమె ముఖం చూస్తే పాపం కొంతైనా కరుగుతుందనుకున్నాడో ఏమో. కరగలేదు సరికదా, ఆమె అన్నా అన్నప్పుడల్లా ఇంకా బరువెక్కేది. ఇప్పుడు నిజం చెబితే ఆ పిలుపు కూడా పోతుంది. ఈ ముసలితనంలో ఆయనకు మిగిలింది అదొక్కటే.

పదహారో తారీకు పొద్దున సారవ్వ మళ్లీ ఆ మాట ఎత్తింది. "రేపు రాస్తవా అన్నా?"

"ఎందుకమ్మా నీకు గింత పట్టుదల? పేరు రాస్తే ఏమొస్తది?"

సారవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని బెంచీ చివర కూర్చుంది. పదేళ్లలో ఆమె ఆ బెంచీ మీద కూర్చోవడం నర్సింగం చూడలేదు.

"రేపు కిషన్ వస్తడు. ప్రతి యేడు వస్తడు, నాయిన ఫోటోకు దండ ఏస్తడు, పోతడు. నేను వండింది తినడు. నా చేతి నీళ్లు ముట్టడు. నాతోని మాట్లాడక ఇరవై ఏండ్లైతుందే."

"కోడలు పడనియ్యదేమో అనుకున్న," అన్నాడు నర్సింగం. నిజంగానే అలా అనుకున్నాడు.

"పాపం, ఆ పిల్లేం జేసింది. ఆనాడు పొద్దుగాల మా ఇంటాయనకు జెరం. ఇయ్యాల పోనే సారవ్వా, పెయ్యంత నొస్తున్నదన్నడు. నేనే లేపిన. ఒక్కటి మానినా సెలవు దొరకదని నర్సింగమన్న చెప్పిండు గదా, జాతరకు ఎట్ల పోతం, మొక్కు ఎట్ల తీరుతది అని మీద కప్పుకున్న చెద్దరు గుంజిన. నేనే సద్ది గట్టి తోలిన. కిషన్ పక్కనే పడుకొని అంతా ఇన్నడు. మధ్యాహ్నం పీనుగు ఇంటికొచ్చినంక వాడు ఒక్కటే మాటన్నడు. నువ్వే సంపినవ్ అవ్వా అని. మల్ల మాట్లాడలే."

నర్సింగం తన తప్పు తన దగ్గరే భద్రంగా ఉందనుకున్నాడు ఇన్నాళ్లూ. అది ఆ రోజే ఆయన దగ్గర నుంచి కదిలిపోయి ఈమె నెత్తిన కూర్చుంది. ఈమె దాన్ని మోస్తూనే పొద్దున్నే ఆయనకు చాయ్ పోసింది.

"వాడన్నదాంట్ల తప్పేమున్నది," అంది సారవ్వ. "బోర్డు మీద నాయిన పేరుంటే సదువుకుంట జెరసేపు నిలవడ్తడని నా ఆశ. వాని మొకం నిమ్మలంగ ఒక్కసారి సూద్దామని. గంతే అన్నా."

మర్నాడు నర్సింగం ఆరింటికి ముందే వచ్చాడు. విమానం రాయలేదు, లాహిరిని రాయలేదు, పెన్షనర్లను రాయలేదు. బోర్డంతా ఒక్క సంగతే రాశాడు. ఫస్టు షిఫ్టు వాళ్లు గ్లాసులు పట్టుకుని చదివారు. రోజూ ఏదో ఒక జోకు వేసేవాళ్లు కూడా ఆ రోజు ఆయన వైపు చూడకుండా హోటల్ ముందు నుంచి వెళ్లిపోయారు. సారవ్వకు అనుమానం వచ్చింది.

"ఏం రాసినవే? అందరు గట్ల పోతున్నరు?"

నర్సింగం లేచి నిలబడి చదివాడు. ఇన్నేళ్లలో ఎన్నడూ నిలబడి చదవలేదు.

"డిసెంబరు పదిహేడు, రెండువేల ఐదు. కోల్ ఫిల్లర్ సదయ్య బాయిలో బండ కూలి చనిపోయినాడు. ఆ రోజు ఆయన డ్యూటీకి పోవలసిన అవసరం లేదు. ఆయన మస్టర్లు అప్పటికే నిండినవి. నిండలేదని చెప్పింది మస్టర్ క్లర్కు నర్సింగం. ప్లే డేల పుస్తకం చూడకుండా తప్పు లెక్క చెప్పినాడు. సదయ్య భార్య సారవ్వ తప్పు ఏమీ లేదు."

పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారాయి. సారవ్వ చూడలేదు.

"మల్ల సదువు."

మళ్లీ చదివాడు.

"నీకెప్పుడు తెల్సింది?"

"ఆ జనవరి ఒకటో తారీకున."

సారవ్వ పొయ్యి తుడిచింది, గ్లాసులు కడిగింది, కడిగినవే మళ్లీ కడిగింది. నర్సింగం బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. తిట్టినా, పొమ్మన్నా ప్రాణానికి కొంచెం హాయిగా ఉండేది. మధ్యాహ్నం అన్నానికి కూడా ఆయన ఇంటికి పోలేదు.

నాలుగింటికి కిషన్ బండి వచ్చి ఆగింది. ముప్పై ఏడేళ్ల మనిషి, అప్పుడే కణతల దగ్గర నెరిసింది. చేతిలో బంతిపూల దండ. తల్లి వైపు చూడకుండా గోడ పక్కగా లోపలికి పోబోయి, బోర్డు మీద తండ్రి పేరు కనబడి ఆగాడు. చదివాడు. చివరిదాకా పోయి మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఆరో తరగతి పిల్లాడు కూడా నిమిషంలో చదివే ఆ నాలుగు ముక్కలు చదవడానికి కిషన్‌కు చాలాసేపు పట్టింది. సారవ్వ అడిగినట్టే జరిగింది. కొడుకు ముఖాన్ని ఆమె కళ్లారా చూసుకుంది. ఆ ముఖం చూడడానికి మాత్రం నర్సింగం వల్ల కాలేదు.

కిషన్ దండ బెంచీ మీద పెట్టి, పొయ్యి దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"అవ్వా," అన్నాడు. "చాయ్ ఉన్నదా?"

సారవ్వ గబగబా గిన్నె పెట్టింది. పాలు పోసింది, ఆకు వేసింది, చక్కెర డబ్బా మూత తీసింది. చెంచా చేతిలో పట్టుకుని అలాగే ఆగిపోయింది. ఆ కాలనీలో రెండు వందల మంది చాయ్‌లో ఎవరికెంత చక్కెరో ఆమెకు నోటికి వచ్చు.

"బిడ్డా, నీకు చక్కెర ఎంత ఎయ్యాలెరా?" అని అడిగింది.

కిషన్ ఆ పొయ్యి గట్టు మీదే తల పెట్టుకుని ఏడ్చాడు. సారవ్వ అతని వీపు నిమిరింది. ఆమె మాత్రం ఏడవలేదు. కొడుకు చాయ్ తాగాడు, ఇంకో గ్లాసు అడిగి తాగాడు. ఫోటోకు దండ వేయడానికి లోపలికి వెళ్లాక ఆమె బయటకొచ్చి నర్సింగం ఎదురుగా నిలబడింది.

"లెక్క తప్పుడు ఎవలికైన అయితదన్నా," అంది. "మంది మీద పడ్తుంటే నువ్వు మాత్రం ఏంజేస్తవ్. దానికి నేనేమనను."

నర్సింగం చేతులు జోడించబోయాడు. ఆమె మాట ఇంకా పూర్తి కాలేదు.

"కాని జనవరి ఒకటిన నాకొచ్చి చెప్తే అయిపోవు. అప్పటికి వాడు అలిగి పదిహేను దినాలే అయింది. వానికి పదిహేడేండ్లే ఉండె."

నర్సింగం కండువా తీసుకుని ఇంటిదారి పట్టాడు. సారవ్వ వెనక్కి పిలవలేదు.