మురుగు మడుగులో గడ్డిచేపలు

నీళ్లు నిలిచిన చోట చేపపిల్లను వదలకపోతే బంటుమిల్లి వైపు మనిషికి అన్నం సహించదు. ఈ సంగతి వెంకటలక్ష్మికి తెలియనిది కాదు. తెలిసి తెలిసి ఊరి చివర మడుగులు తవ్వించడమే తను చేసిన తప్పని ఇప్పుడు తల కొట్టుకుంటోంది.

ఆమె వార్డు మెంబరు. ఊళ్లో వాడిన నీళ్లన్నీ మంచినీళ్ల చెరువు గట్టు పక్కగానే పారేవి. గట్టి వాన పడితే గట్టు దాటి చెరువులోకే. రెండు వేసవులు ఇంటింటా పచ్చకామెర్లు. మండలాఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆ మురుగు కోసం రెండు మడుగులు సాధించింది. మొదటి దాంట్లో మడ్డి దిగుతుంది. రెండో దాంట్లో జమ్ముగడ్డి నాటితే నీళ్లు తేటపడతాయి. అక్కణ్ణించి తూములోంచి డ్రెయిన్లోకి పోతాయి. ఇంజనీరు గారు చెప్పింది ఇంతే. ఇది చంటిపిల్లలకైనా అర్థమవుతుంది, ఊళ్లో పెద్దమనుషులకే కాలేదు.

తల్లికి ఒంట్లో బాగాలేదని మూడు నెలలు తోట్లవల్లూరులో పుట్టింట ఉండి వచ్చేసరికి, ఏపుగా ఎదుగుతున్న జమ్ము మాయమై మడుగు బోడిగుండులా ఉంది. విచారిస్తే ఎవరో గడ్డిచేపలు వదిలారన్నారు. లేత జమ్ము ముందు గడ్డిచేపను పెడితే మేయక పూజ చేస్తుందా? పైగా ఎవరో అంటే ఎవరో కాదు, సగం ఊరు వాటాలు వేసుకుంది. సర్పంచి సీతారామయ్య గారికి రెండు వాటాలు. ఆమె మొగుడు నరసింహానికి ఒకటి.

అక్కడితో ఆగినా బాగుండేది. చేపలకి లోతు చాలదని తూముకి ఇసుక బస్తాలు అడ్డం వేశారు. పోయే దారి లేక మురుగు వెనక్కి తన్ని, చెరువు గట్టు పైఅంచుకి జానెడు కిందిదాకా వచ్చేసింది. చూస్తే కాలవలు కట్టేసే రోజులు. నిన్ననే చెరువు నింపారు. మళ్లీ కాలవ వదిలేది జూన్‌లో. అందాకా ఊరంతా తాగాల్సింది ఆ నీళ్లే.

సీతారామయ్య గారి దగ్గరికెళితే ఇంజనీరుకి ఉత్తరం రాద్దామన్నారు. ఇంజనీరు గారేమో చేపలు తన శాఖ కిందికి రావన్నారు. వెంకటలక్ష్మికి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. బస్తాలు తనే లాగేస్తానని బయల్దేరింది. ఆమెకన్నా ముందే కబురు వెళ్లిందేమో, వాటాదార్లంతా మడుగు గట్టు మీదే ఉన్నారు.

నరసింహం నచ్చజెప్పబోయాడు. పది రోజులు ఓపిక పడితే ఒక్కోటీ కిలో తూగుతుందట, ఇప్పుడు తూము తీస్తే పడ్డ కష్టమంతా డ్రెయిను పాలట. అంతా విని, ఈ చేపలు మీరు తింటారా అని అడిగింది.

"ఛీ, ఈ మురుగులోవా? మనమెందుకు తింటాం. గుడివాడ మార్కెట్టుకి పంపేస్తాం," అన్నాడు.

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

"చేపల్ని గుడివాడ పంపుతారు, సరేనండీ. రేపు చెరువులో నీళ్లు పాడైతే వాటిని ఎక్కడికి పంపుతారు?"

ఆమె కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని నీళ్లలోకి దిగి మొదటి బస్తా పట్టుకుంది. అది కదల్లేదు. నరసింహం కాసేపు మడుగు వంక చూశాడు, కాసేపు పెళ్లాం వంక చూశాడు. చివరికి లుంగీ ఎగ్గట్టి దిగి రెండో కొస అందుకున్నాడు. గట్టు మీద సీతారామయ్య గారు, వలలు తెమ్మని మనిషిని తరుముతున్నారు.